శాటిలైట్ చిత్రాలతో అంటార్కిటికా బ్లూ ఐస్‌ను మ్యాప్ చేయడం ఎలా

అంటార్కిటికాలో దాదాపు ఎక్కడ చూసినా స్నో ఏటికేడు పేరుకుంటూనే ఉంటుంది. కొన్నిచోట్ల మాత్రం గాలి దాన్ని నిలవనివ్వదు. ఊడ్చేస్తుంది, మిగిలింది కరగకుండానే ఆవిరైపోతుంది, కింద వేల ఏళ్లుగా నలిగి గట్టిపడ్డ ఐస్ బయటపడి నీలంగా కనిపిస్తుంది. దీన్నే బ్లూ ఐస్ అంటారు. ఉల్కాశకలాల వేటకు ఇదే గని: 1969లో యమాటో పర్వతాల దగ్గర జపాన్ బృందానికి ఒకేచోట 9 ఉల్కలు దొరికాక ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది. చక్రాల విమానాలు దిగే సహజమైన రన్‌వేలు ఇక్కడే ఉన్నాయి. అలన్ హిల్స్ లాంటి చోట్ల 20 లక్షల ఏళ్లు దాటిన ఐస్ పైపొరల దగ్గరే దొరికింది.

ఇది ఖండంలో ఎంత ఉంది? 2001లో ఏవీహెచ్‌ఆర్‌ఆర్ (వాతావరణ ఉపగ్రహాల్లోని ముతక రిజల్యూషన్ సెన్సర్) చిత్రాలతో వేసిన అంచనా 0.8 నుంచి 1.6 శాతం. 2014లో అమెరికా ఉపగ్రహం లాండ్‌శాట్-7, నాసా ఉపగ్రహాల మీది మోడిస్ సెన్సర్ చిత్రాలు కలిపి చేసిన మ్యాప్‌లో అది సుమారు 2.35 లక్షల చదరపు కి.మీ. 2024లో డీప్ లెర్నింగ్‌తో చేసిన మ్యాప్‌లో సుమారు 1.4 లక్షల చదరపు కి.మీ. ఈ తేడా చూసి ఐస్ తగ్గిపోయిందనుకోకండి. సెన్సర్లు వేరు, తేదీలు వేరు, అన్నిటికంటే ముఖ్యంగా ‘బయటపడ్డ ఐస్’ అని దేన్ని లెక్కవేశారో అది వేరు. ఒక తుఫాను వస్తే నిన్నటి నీలం ఇవాళ తెల్లగా ఉంటుంది. అందుకే మంచి బ్లూ ఐస్ మ్యాప్ ఒక చిత్రంలోంచి రాదు. ఒక్కో పిక్సెల్ ఎన్నిసార్లు స్పష్టంగా కనిపించింది, అందులో ఎన్నిసార్లు ఐస్ బయట ఉంది అన్న లెక్కలోంచి వస్తుంది. కింది పద్ధతి అంతా ఆ లెక్క తప్పకుండా ఉండటానికే.

దేన్ని కొలుస్తున్నారో ముందే రాసుకోండి

మూడు రకాలుగా కొలవచ్చు. ఫలానా రోజున బయట ఉన్న ఐస్. వేసవుల్లో ఎక్కువ కాలం బయట ఉండే ఐస్. ఎప్పుడో ఒకసారైనా బయటపడ్డ ఐస్. రన్‌వే కోసమైతే రెండోది, అదీ కఠినంగా కావాలి. ఉల్కల వేటకు మూడోది పనికొస్తుంది, ఎందుకంటే పలుచటి స్నో కింద దాక్కున్న ప్రాంతం కూడా వదులుకోదగ్గది కాదు. వాతావరణ నమూనాలు నడిపేవాళ్లకు గీత గీసిన మ్యాప్ కంటే శాతం రూపంలో ఉన్నదే ఎక్కువ ఉపయోగం. గాలి వల్ల బయటపడ్డ ఐస్‌ను, తీరం దగ్గర వేసవి కరుగుదల వల్ల బయటపడ్డ ఐస్‌ను ఒకే తరగతిలో వేయాలా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోండి. గడ్డకట్టిన సరస్సుల పైకప్పు స్పెక్ట్రమ్‌లో (ఏ రంగు కాంతిని ఎంత తిప్పి పంపుతుందన్న లెక్కలో) బ్లూ ఐస్‌లాగే ఉంటుంది. దాన్ని ఉంచాలా, తీసేయాలా అన్నది కూడా మొదటే రాసి పెట్టుకోవాల్సిన నిర్ణయం.

ఏ బ్యాండ్లు, ఎందుకు

స్నోలో సన్నటి కణాలు, వాటి మధ్య గాలి ఉంటాయి. వెలుగు రేణువు నుంచి రేణువుకు తగిలి త్వరగా బయటికి వచ్చేస్తుంది. ఐస్‌లో అలాంటి అంచులు తక్కువ, అక్కడక్కడా బుడగలు మాత్రమే. కాబట్టి వెలుగు ఐస్ లోపల చాలా దూరం ప్రయాణిస్తుంది. నీలి కాంతిని ఐస్ దాదాపు పీల్చుకోదు. ఎరుపు దాటి నియర్ ఇన్‌ఫ్రారెడ్ వైపు వెళ్లేకొద్దీ పీల్చుకోవడం బాగా పెరుగుతుంది. దాంతో స్నో నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో కూడా తెల్లగానే ఉంటుంది, బ్లూ ఐస్ మాత్రం అక్కడ చప్పున పడిపోతుంది. మన పని మొత్తం ఈ పడిపోవడం మీదే ఆధారపడి ఉంది.

ఉపగ్రహం ఒక్కో రకం కాంతిని విడిగా కొలిచి ఇచ్చే పొరను బ్యాండ్ అంటారు. లాండ్‌శాట్-8, 9లలో మీకు కావలసినవి బ్యాండ్ 3 ఆకుపచ్చ, బ్యాండ్ 5 నియర్ ఇన్‌ఫ్రారెడ్, బ్యాండ్ 6 షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్. బ్యాండ్ 2, 4 కూడా దగ్గర పెట్టుకోండి. యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2లో వీటికి సరిపోయేవి బి3, బి8ఏ, బి11. బి8 అనే 10 మీటర్ల బ్యాండ్ ఉంది కదా, పదును ఎక్కువ కదా అనిపిస్తుంది. కానీ అది వెడల్పాటి బ్యాండ్, దాని విలువలు లాండ్‌శాట్ బ్యాండ్ 5తో కలవవు. రెండు ఉపగ్రహాలనూ కలిపి లెక్క వేస్తుంటే 20 మీటర్ల బి8ఏనే తీసుకోండి. సెంటినెల్ ఒక్కటే వాడుతుంటే బి8 తీసుకోవచ్చు, అప్పుడు కటాఫ్ (ఐస్‌ను స్నో నుంచి విడదీసే గీత విలువ) మళ్లీ కొత్తగా కట్టుకోవాలి.

చాలామంది ముందుగా పట్టుకునేది ఆకుపచ్చ, షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లతో కట్టే స్నో సూచిక. ఇక్కడ అది పనికిరాదు. 1.6 మైక్రోమీటర్ల దగ్గర స్నో, ఐస్ రెండూ నల్లబడతాయి, కాబట్టి సూచికలో రెండూ పైనే ఉంటాయి. అది రాయిని, మేఘాన్ని వేరు చేయడానికి మాత్రమే.

చిత్రాలు ఎంచుకోవడం

నవంబర్ మొదటివారం నుంచి ఫిబ్రవరి మధ్య వరకు తీసిన చిత్రాలే తీసుకోండి. సూర్యుడు దిగంతం నుంచి కనీసం 20 డిగ్రీల పైన ఉండాలి, 25 అయితే ఇంకా మంచిది. తక్కువ కోణంలో నీడలు ఎంత పొడవవుతాయో ఈ లెక్క చూడండి: ఐస్‌లోంచి 300 మీటర్లు పైకి లేచిన శిఖరానికి, సూర్యుడు 20 డిగ్రీల దగ్గర ఉంటే, నీడ సుమారు 824 మీటర్లు. లాండ్‌శాట్‌లో అది 27 పిక్సెళ్లు. బ్లూ ఐస్ ఉండేది కూడా సరిగ్గా అలాంటి శిఖరాల పక్కనే.

కనీసం నాలుగైదు వేసవులవి పోగు చేయండి. లాండ్‌శాట్-7 పాత చిత్రాలు కావాలనుకుంటే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఆ సెన్సర్ 8 బిట్లది, కనిపించే కాంతి బ్యాండ్లు ప్రకాశవంతమైన స్నో మీద తరచూ గరిష్ఠ విలువకు కొట్టుకుని ఆగిపోతాయి. పైగా 2003 మే 31 తర్వాతి చిత్రాల్లో చారలు చారలుగా ఖాళీలుంటాయి. అలా గరిష్ఠం దగ్గర ఆగిపోయిన (సాచురేట్ అయిన) ఆకుపచ్చ బ్యాండ్‌తో సూచిక (ఆకుపచ్చ, నియర్ ఇన్‌ఫ్రారెడ్‌ల పోలిక, కింద చూస్తాం) కడితే స్నో విలువ కిందికి జరుగుతుంది. అది చూసి కటాఫ్ తగ్గిస్తే మిగతా చిత్రాల్లో గందరగోళం మొదలవుతుంది.

సెంటినెల్-2లో మరో చిక్కు. ఆ చిత్రాలు యూటీఎం (భూమిని నిలువు జోన్లుగా విడదీసే మ్యాప్ పద్ధతి) టైల్స్‌గా వస్తాయి, ధ్రువం వైపు వెళ్లేకొద్దీ జోన్లు ఇరుకై టైల్స్ ఒకదాని మీద ఒకటి పడతాయి. ఒకే క్షణంలో తీసిన ఒకే పిక్సెల్ రెండు మూడు టైల్స్‌లో కనిపిస్తుంది. వాటిని వేర్వేరు పరిశీలనలుగా లెక్కపెడితే మీ ఫ్రీక్వెన్సీ (స్పష్టంగా కనిపించినవాటిలో ఎన్నిసార్లు ఐస్ బయట ఉందన్న శాతం) చెడిపోతుంది. తీసిన సమయం ఒకటే అయితే ముందే ఒక్కటిగా కలిపేయండి.

అంకెల్ని రిఫ్లెక్టెన్స్‌గా మార్చడం

పడిన వెలుగులో ఎంత వంతు తిరిగి వస్తుందో అదే రిఫ్లెక్టెన్స్. లాండ్‌శాట్ లెవెల్-2 (గాలి ప్రభావాన్ని దిద్దిన) ఉపరితల రిఫ్లెక్టెన్స్ ఇక్కడ వద్దు. ఎత్తైన అక్షాంశాల్లో, తక్కువ సూర్యకోణంలో ఆ దిద్దుబాటు నమ్మకంగా ఉండదు. సూర్యుడు నడినెత్తి నుంచి 76 డిగ్రీలు దాటి వంగితే అసలు ఆ ఉత్పత్తే తయారు చేయరు. లెవెల్-1 తీసుకుని వాతావరణం పైఅంచు రిఫ్లెక్టెన్స్ మీరే కట్టుకోండి. పీఠభూమి మీద గాలి పలుచన, తేమ నామమాత్రం, కాబట్టి ఈ పనికి అది చాలు.

లాండ్‌శాట్-8, 9లకు లెక్క ఇది: పిక్సెల్ అంకెను 0.00002తో గుణించి, 0.1 తీసేసి, వచ్చినదాన్ని సూర్యుడి ఎత్తు కోణం సైన్‌తో భాగించాలి. పిక్సెల్ అంకె 20000, సూర్యుడి ఎత్తు 25 డిగ్రీలు అనుకోండి. 0.4 లోంచి 0.1 పోతే 0.3, దాన్ని 0.4226తో భాగిస్తే 0.71. కోణం మెటాడేటాలో చిత్రం మధ్యబిందువుకు ఇచ్చిన ఒక్క అంకెతో సరిపెట్టుకోకండి. కలెక్షన్-2 చిత్రాలతో పాటు ప్రతి పిక్సెల్‌కీ సూర్యకోణం ఇచ్చే ఫైల్ వస్తుంది. అందులోని అంకెను 0.01తో గుణిస్తే నడినెత్తి నుంచి సూర్యుడి కోణం వస్తుంది, అప్పుడు సైన్ బదులు కొసైన్‌తో భాగించాలి. ఈ తేడా మరచిపోయి సైన్‌తోనే భాగిస్తే చిత్రమంతా ఉండాల్సినదాని కంటే బాగా చీకటిగా వస్తుంది.

సెంటినెల్-2 లెవెల్-1సీలో సూర్యకోణం దిద్దుబాటు ముందే జరిగి ఉంటుంది, అంకెను 10000తో భాగిస్తే చాలు. అయితే 2022 జనవరి 25 నుంచి వచ్చిన ప్రాసెసింగ్ 04.00లో ప్రతి అంకెకూ 1000 కలిపి ఇస్తున్నారు. ముందు ఆ 1000 తీసేసి, ఆ తర్వాత భాగించాలి. తీయకపోతే రెండు బ్యాండ్లూ 0.1 చొప్పున పైకి జరుగుతాయి. చూడ్డానికి చిత్రం బాగానే ఉంటుంది, కానీ ఐస్ అంచుల్లో పిక్సెళ్లు నిశ్శబ్దంగా రాలిపోతాయి. 2022కు ముందు, తర్వాత అని మ్యాప్ రెండు ముక్కలై, మధ్యలో ఐస్ తగ్గిందన్న తప్పుడు కథ పుడుతుంది. గూగుల్ ఎర్త్ ఇంజిన్ వాడేవాళ్లు ‘హార్మొనైజ్డ్’ అని పేరున్న సెంటినెల్-2 కలెక్షన్‌నే తీసుకోండి, అందులో ఇది సరిచేసి ఉంటుంది.

సూచిక కట్టడం, కటాఫ్ ఎక్కడ పెట్టాలి

ఆకుపచ్చలోంచి నియర్ ఇన్‌ఫ్రారెడ్ తీసేసి, రెండింటి మొత్తంతో భాగించండి. నీలం బదులు ఆకుపచ్చ ఎందుకంటే, నీలి కాంతి గాలిలోనే ఎక్కువ చెదురుతుంది, ఎత్తు మారితే దాని విలువ మారిపోతుంది.

నాలుగు రకాల పిక్సెళ్లతో నమూనా లెక్క వేద్దాం. మీ చిత్రంలో అంకెలు కొంచెం వేరుగా ఉంటాయి, పోలిక మాత్రం ఇలాగే ఉంటుంది. స్నో: ఆకుపచ్చ 0.93, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 0.85, సూచిక 0.045. బ్లూ ఐస్: 0.66, 0.36, సూచిక 0.294. కరిగిన నీటి మడుగు: 0.45, 0.06, సూచిక 0.76. నీడలో ఉన్న స్నో: 0.20, 0.07, సూచిక 0.48. ఎండలో ఉన్న రాయి మాత్రం సున్నాకు దిగువకు పడిపోతుంది. అంటే రాయి మనకు పెద్ద శత్రువు కాదు, రాయి వేసే నీడ శత్రువు.

ఇప్పుడు కటాఫ్. స్నో 0.045, ఐస్ 0.294 కాబట్టి సగానికి 0.17 దగ్గర గీత గీస్తే న్యాయంగా ఉంటుందనిపిస్తుంది. కానీ ఈ సూచిక సరళరేఖలో నడవదు. సగం ఐస్, సగం స్నో ఉన్న పిక్సెల్‌కు ఆకుపచ్చ 0.795, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 0.605 అవుతాయి, సూచిక 0.136. కటాఫ్ 0.17 పెడితే పిక్సెల్‌లో సుమారు 64 శాతం ఐస్ ఉంటే తప్ప లెక్కలోకి రాదు. బ్లూ ఐస్ అంచులు కత్తితో కోసినట్టు ఉండవు, స్నో మచ్చలు చల్లినట్టు కిలోమీటర్ల కొద్దీ సాగుతాయి. కాబట్టి ఈ చిన్న తేడా విస్తీర్ణంలో పెద్దదవుతుంది. ‘సగం ఐస్’ అన్నది మీ నిర్వచనమైతే, మీ చిత్రంలోని అసలైన స్నో, అసలైన ఐస్ విలువలు తీసుకుని సగం కలిపిన పిక్సెల్‌కు సూచిక ఎంతొస్తుందో లెక్క కట్టి, అక్కడే కటాఫ్ పెట్టండి. ఒట్సు లాంటి ఆటోమేటిక్ పద్ధతి వాడాలనుకుంటే మొత్తం చిత్రం మీద నడపకండి. ఐస్ రెండు మూడు శాతమే ఉన్న చిత్రంలో హిస్టోగ్రామ్‌కు (ఏ విలువ ఎన్ని పిక్సెళ్లకుందో చూపే పటానికి) రెండో శిఖరమే ఉండదు, ఒట్సు స్నోలోనే రెండు రకాలను విడదీసి కూర్చుంటుంది. ఐస్ పాలు 20 నుంచి 50 శాతం ఉండే చిన్న చతురస్రాలు కత్తిరించి, వాటి మీద నడపండి.

కటాఫ్ ఎంత పెట్టినా, దాన్ని 0.02 ఎక్కువ, 0.02 తక్కువ చేసి విస్తీర్ణం ఎంత మారుతుందో చూసి రాసి పెట్టుకోండి. బాగా మారితే మీ ప్రాంతంలో అంచు పిక్సెళ్లే ఎక్కువ అన్నమాట. అక్కడ అవును, కాదు అన్న తరగతుల కంటే నియర్ ఇన్‌ఫ్రారెడ్‌తో ఐస్ వాటా కట్టడం మేలు: స్నో విలువలోంచి పిక్సెల్ విలువ తీసేసి, స్నో, ఐస్ విలువల తేడాతో భాగించండి. 0.85, 0.36 మధ్యలో పిక్సెల్ 0.60 ఉంటే ఐస్ వాటా 51 శాతం. వాలు వల్ల వెలుగు మారే చోట ఈ లెక్క తప్పుతుంది, కాబట్టి చదునైన చోట్లకే దీన్ని పరిమితం చేయండి.

తూర్పు అంటార్కిటికా పీఠభూమి మీద గాలికి నునుపుదేలిన గ్లేజ్ ఉపరితలాలు కూడా ఉన్నాయి. అది ఐస్ కాదు, రేణువులు బాగా పెద్దవైన పాత స్నో. నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో మామూలు స్నో కంటే కొంచెం నల్లగా ఉంటుంది. కటాఫ్ మరీ వదులుగా పెడితే ఈ గ్లేజ్ వేల చదరపు కి.మీ. మేర బ్లూ ఐస్‌గా లోపలికి వచ్చేస్తుంది. గ్రీన్‌లాండ్ కోసం కట్టిన కటాఫ్‌లు ఇక్కడికి తేకండి. అక్కడి ఐస్ మీద దుమ్ము, నాచు, కరుగుదల ఉంటాయి, స్పెక్ట్రమే వేరు.

నీడ, మేఘం, నీరు

తప్పులు ఎక్కువగా పుట్టేది ఇక్కడే, కాబట్టి తొందరపడకండి.

నీడలో పడ్డ స్నోకు నేరుగా ఎండ తగలదు, ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుగే ఆధారం. నియర్ ఇన్‌ఫ్రారెడ్‌లో ఆకాశం దాదాపు చీకటి. దాంతో సూచిక బ్లూ ఐస్ కంటే కూడా పైకి పోతుంది. కటాఫ్ ఒక్కటే పెట్టుకుంటే ప్రతి శిఖరానికీ నీడ వైపు ఒక చక్కటి దొంగ బ్లూ ఐస్ మైదానం తయారవుతుంది. దీనికి మూడు అడ్డుకట్టలు వేయాలి. మొదటిది, నియర్ ఇన్‌ఫ్రారెడ్ 0.20 కంటే తక్కువ ఉన్న పిక్సెల్‌ను ఐస్ అని గానీ, కాదని గానీ అనకుండా ‘తెలియదు’లో వేయండి. రెండోది, రెమా అనే అంటార్కిటికా ఎత్తుల నమూనా తీసుకుని, ఆ చిత్రం నాటి సూర్యుడి దిశ, ఎత్తు ఇచ్చి, కొండ నీడ ఎక్కడ పడుతుందో లెక్క కట్టి మాస్క్ చేయండి, అంటే లెక్కలోంచి పక్కన పెట్టండి. పక్క నుంచి వెలుగు చూపే మామూలు హిల్‌షేడ్ సరిపోదు, దూరంగా పడే నీడను కూడా లెక్కించే పద్ధతి కావాలి. మూడోది అన్నిటికన్నా బలమైనది: వేర్వేరు గంటల్లో తీసిన చిత్రాలు. ధ్రువం వైపు వెళ్లేకొద్దీ కక్ష్యలు దగ్గరవుతాయి, ఒకేచోటును ఉపగ్రహం రోజులో వేర్వేరు వేళల్లో చూస్తుంది. నీడ గంట గంటకూ జరుగుతుంది, ఐస్ జరగదు. మాస్క్ చేసిన నీడను ‘ఐస్ లేదు’ కింద లెక్కపెట్టకండి. అలా చేస్తే కొండల పక్కన ఉన్న నిజమైన ఐస్ ఫ్రీక్వెన్సీ పడిపోతుంది.

మేఘాల విషయంలో చిత్రంతో పాటు వచ్చే క్వాలిటీ బ్యాండ్‌ను నమ్మి వదిలేయకండి, అది తెల్లటి నేల మీద రెండు వైపులా తప్పుతుంది. నీటి బిందువుల మేఘం షార్ట్‌వేవ్ ఇన్‌ఫ్రారెడ్‌లో వెలుగుతుంది, స్నో, ఐస్ నల్లగా ఉంటాయి. బ్యాండ్ 6, 5, 4లను ఎరుపు, ఆకుపచ్చ, నీలంగా పెట్టి చూస్తే మేఘం తెల్లగా, స్నో లేత నీలిపచ్చగా, బ్లూ ఐస్ ముదురు నీలంగా కనిపిస్తాయి. ఎత్తైన పలుచటి మేఘాలను పట్టే 1.38 మైక్రోమీటర్ల సిరస్ బ్యాండ్ తీరం దగ్గర సాయపడుతుంది. పీఠభూమి మీద మాత్రం గాలిలో తేమ లేక నేలే కనిపించి, దాన్నే మేఘం అని చూపిస్తుంది. ఐస్ అని గుర్తించిన పిక్సెల్‌కు ఇంకో పరీక్ష పెట్టండి. శుభ్రమైన బ్లూ ఐస్‌కు 1.6 మైక్రోమీటర్ల దగ్గర రిఫ్లెక్టెన్స్ 0.02, 0.03 దగ్గరే ఉంటుంది. అది 0.06 దాటితే పైన పలుచటి మేఘమో, గాలికి పారుతున్న స్నో తెరో ఉందని అనుమానించి పక్కన పెట్టండి. మేఘాన్ని స్నోగా పొరబడితే ఎదురు నష్టం: ప్రతి మేఘావృత దినమూ ‘ఐస్ లేదు’ అనే ఓటు అవుతుంది.

నీటి మడుగులు తీరప్రాంతంలోనే ఎక్కువ. నీలం, ఎరుపు బ్యాండ్లతో కట్టే నీటి సూచిక 0.25 దాటితే సరస్సుగా పరిగణించడం ఈ రంగంలో వాడుక. మామూలు బ్లూ ఐస్ దానికి కిందే ఉంటుంది. నియర్ ఇన్‌ఫ్రారెడ్ 0.20 కటాఫ్ కూడా చాలా మడుగులను ముందే ఆపుతుంది. రాళ్లకు అంటార్కిటిక్ డిజిటల్ డేటాబేస్‌లోని రాతి పొర తీసుకుని, దాని చుట్టూ రెండు పిక్సెళ్లు పెంచి మాస్క్ చేయండి. పాత పొరల్లో రాళ్లు వందల మీటర్లు పక్కకు జరిగి ఉండవచ్చు, కాబట్టి లాండ్‌శాట్-8తో కట్టిన కొత్త పొరే వాడండి.

ఫ్రీక్వెన్సీ లెక్క

ఇప్పుడు ప్రతి చిత్రం నుంచి ప్రతి పిక్సెల్‌కూ మూడింటిలో ఒక జవాబు ఉంటుంది: ఐస్, ఐస్ కాదు, తెలియదు. ఐస్ అన్న సంఖ్యను, ఐస్, ఐస్ కాదు అన్న రెండింటి మొత్తంతో భాగించండి. 24 స్పష్టమైన పరిశీలనల్లో 15 సార్లు ఐస్ ఉంటే 62.5 శాతం.

ఒకే వారంలో తీసిన ఆరు చిత్రాలు ఆరు సాక్ష్యాలు కావు. స్నో పడితే రోజుల తరబడి అలాగే ఉంటుంది, కాబట్టి ఆ ఆరూ ఒకే మాట చెబుతాయి. వారానికి ఒక్క జవాబుగా కుదించండి, వారంలోని స్పష్టమైన జవాబుల్లో ఎక్కువ ఏదైతే అది. పిక్సెల్‌కు కనీసం 10 వారాల జవాబులు లేకపోతే దాన్ని తరగతిలో వేయకండి. నాలుగింటిలో రెండు అంటే చూడ్డానికి 50 శాతం, కానీ 95 శాతం విశ్వాస పరిధి కడితే అది 7 నుంచి 93 శాతం వరకు ఎక్కడైనా ఉండొచ్చు.

నియర్ ఇన్‌ఫ్రారెడ్ కనిష్ఠ విలువతో ఒకే కాంపోజిట్ (అన్ని చిత్రాలూ కలిపిన ఒక్క చిత్రం) చేసి, దాని మీద కటాఫ్ పెట్టడం సులువు దారిలా కనిపిస్తుంది. వద్దు. కనిష్ఠం అంటే ప్రతి పిక్సెల్‌కూ ఏళ్ల పొడవునా దొరికిన అతి చీకటి క్షణం. అందులో మేఘాల నీడలు, కొండ నీడలు అన్నీ వచ్చి చేరతాయి.

తరగతులు కావాలంటే 80 శాతం పైన శాశ్వత బ్లూ ఐస్, 20 నుంచి 80 మధ్య అప్పుడప్పుడూ బయటపడేది, 20 లోపు వదిలేయదగినది అని మొదలుపెట్టొచ్చు. ఈ గీతలు మీ అవసరాన్ని బట్టి మారతాయి, ఫ్రీక్వెన్సీ పొర మాత్రం మారదు. అందుకే దాచాల్సింది, పంచాల్సింది ఆ పొరనే.

రాడార్ ఎక్కడ సాయం, ఎక్కడ మోసం

సెంటినెల్-1 సీ-బ్యాండ్ రాడార్ మేఘాలనూ చీకటినీ లెక్కచేయదు. నునుపైన, లోపల పొరలు తక్కువున్న బ్లూ ఐస్ రాడార్‌లో నల్లగా, కరిగి మళ్లీ గడ్డకట్టిన ఫిర్న్ (గట్టిపడ్డ పాత స్నో) తెల్లగా కనిపిస్తాయి. కరుగుదల లేని మే నుంచి సెప్టెంబర్ వరకు చిత్రాలు తీసుకుని, రెమాతో వాలు దిద్ది, సగటు తీస్తే మరకలు తగ్గి చిత్రం నిలకడగా వస్తుంది. కానీ పొడి స్నోలోకి సీ-బ్యాండ్ మీటర్ల లోతుకు దిగిపోతుంది. పైన అరమీటరు స్నో ఉన్నా కింద ఐస్‌నే చూపిస్తుంది. కాబట్టి అది చెప్పేది ‘ఐస్ పైపొరకు దగ్గరగా ఉంది’ అని, ‘బయటపడింది’ అని కాదు. ఉల్కల వేటకు ఇది విలువైన సమాచారం, రన్‌వే ఎంపికకు ప్రమాదకరమైన పొరపాటు. లోతట్టు పొడి స్నో కూడా రాడార్‌లో నల్లబడుతుంది, అందుకే రాడార్ ఒక్కదానితో మ్యాప్ గీయకండి. ఆప్టికల్ మ్యాప్‌తో పక్కపక్కన పెట్టి, రెండూ విభేదించిన చోట్లను చేత్తో పరిశీలించండి.

దక్షిణ అక్షాంశం 82.7 డిగ్రీలు దాటాక లాండ్‌శాట్, సెంటినెల్-2ల మామూలు కవరేజీ ఆగిపోతుంది. అక్కడ మోడిస్‌తో కట్టిన అంటార్కిటికా మొజాయిక్‌లు, 1997 నాటి రాడార్‌శాట్ మొజాయిక్ దిక్కు. రిజల్యూషన్ ముతకది కాబట్టి ఆ భాగాన్ని మ్యాప్‌లో వేరే గుర్తుతో చూపించండి.

విస్తీర్ణం, తనిఖీ

చిత్రాలన్నిటినీ ఈపీఎస్‌జీ 3031 (దక్షిణ ధ్రువం మధ్యగా ఉండే పోలార్ స్టీరియోగ్రాఫిక్) ప్రొజెక్షన్‌లోకి తెచ్చుకోండి. అంటార్కిటికా లాండ్‌శాట్ లెవెల్-1 చిత్రాలు ఎలాగూ పోలార్ స్టీరియోగ్రాఫిక్‌లోనే వస్తాయి. రిఫ్లెక్టెన్స్ బ్యాండ్లకు బైలీనియర్, తరగతుల పొరకు నియరెస్ట్ రీసాంప్లింగ్ (పిక్సెళ్లను కొత్త గళ్లలోకి మార్చే పద్ధతి) వాడండి. చూడ్డానికి ఈ ప్రొజెక్షన్ బాగుంటుంది, కానీ పిక్సెళ్లు లెక్కపెట్టి విస్తీర్ణం చెప్పడానికి పనికిరాదు. 71 డిగ్రీల దగ్గర కొలత నిజం. ధ్రువం దగ్గర విస్తీర్ణం 5 శాతానికి పైగా తక్కువగా, 65 డిగ్రీల దగ్గర 4 శాతం ఎక్కువగా వస్తుంది. విస్తీర్ణం కట్టేటప్పుడు సమవైశాల్య ప్రొజెక్షన్ ఈపీఎస్‌జీ 6932కు మార్చండి.

తొమ్మిది పిక్సెళ్లకంటే చిన్న ముక్కల్ని తీసేయొచ్చు, లాండ్‌శాట్‌లో అది 8,100 చదరపు మీటర్లు. ఐస్ మధ్యలోని తెల్లటి రంధ్రాల్ని మాత్రం పూడ్చకండి, అవి నిజమైన స్నో మచ్చలు.

తనిఖీలో మొత్తం ఖచ్చితత్వం అనే అంకెను పక్కన పెట్టండి. ఐస్ 1 శాతమే ఉన్న ఖండంలో ‘ఎక్కడా ఐస్ లేదు’ అని ఖాళీ మ్యాప్ ఇచ్చినా 99 శాతం మార్కులు పడతాయి. ఐస్ అన్నవాటిలో నిజమైనవి ఎన్ని, నిజమైన ఐస్‌లో పట్టుకున్నది ఎంత అన్న రెండు అంకెలు విడివిడిగా చెప్పండి.

ఒక నమూనా లెక్క. మ్యాప్‌లో ఐస్ 1,000 చదరపు కి.మీ., మిగిలినది 19,000. ఐస్‌లో 200 బిందువులు చూస్తే 180 నిజం. మిగిలినదానిలో 300 చూస్తే 3 బిందువులు అసలు ఐస్. అప్పుడు అసలు విస్తీర్ణం 1,000లో 90 శాతం, 19,000లో 1 శాతం, అంటే 900, 190 కలిపి 1,090. ఆ మూడే మూడు బిందువులు 190 చదరపు కి.మీ. మోస్తున్నాయి. అందుకే పొరపాటు పరిధి కడితే అటూ ఇటూ సుమారు 218 వస్తుంది. దీన్ని తగ్గించడానికి ‘ఐస్ కాదు’ అన్న భాగాన్ని రెండుగా విడగొట్టండి: ఐస్ అంచు నుంచి 2 కి.మీ. లోపు ఒకటి, దూరంగా ఉన్నది ఒకటి. తప్పులన్నీ దాదాపు మొదటి దానిలోనే ఉంటాయి, బిందువులు అక్కడే ఎక్కువ వేయండి. బిందువును పరిశీలించేవారికి మీ మ్యాప్ జవాబు కనిపించకూడదు. వీలైతే 2 మీటర్ల స్థాయి చిత్రాల మీద, అదే వారం నాటివి దొరికితే ఆ రోజు మ్యాప్‌తో పోల్చి చూడాలి. ఏడాది తేడా ఉన్న చిత్రంతో పోల్చి తప్పని తేల్చడం అన్యాయం. మెషిన్ లెర్నింగ్ వాడితే శిక్షణకు, పరీక్షకు పక్కపక్క పిక్సెళ్లు పంచకండి, 50 లేదా 100 కి.మీ. చతురస్రాలుగా మొత్తం ప్రాంతాలనే విడదీయండి. లేకపోతే స్కోరు ఘనంగా వస్తుంది, కొత్త పర్వతశ్రేణి మీదికి వెళ్లగానే మోడల్ చతికిలబడుతుంది.

చివరికి మీరు ఇవ్వాల్సిన ఫైళ్లు నాలుగు: 0 నుంచి 100 వరకు ఫ్రీక్వెన్సీ పొర, పిక్సెల్‌కు ఎన్ని వారాల స్పష్టమైన పరిశీలనలున్నాయో చెప్పే పొర, నీడ వల్ల ఎప్పుడూ తెలియకుండా మిగిలిపోయిన పిక్సెళ్ల పొర, వాడిన ప్రతి చిత్రం పేరు, తేదీ, సూర్యకోణం, కటాఫ్ ఉన్న పట్టిక. తరగతుల మ్యాప్ వీటిలోంచి ఎవరైనా తమ అవసరాన్ని బట్టి తీసుకోగలరు.